తీగ తెగితే చెప్పేదెవరు?

తీగ తెగడమంటే ఏమిటో దివిసీమకు బాగా తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు టెలిఫోను స్తంభాలు కూలాయి, రోడ్లు మునిగాయి. వేలాది మంది చనిపోయినా ఆ కబురు బయటికి చేరడానికే సమయం పట్టింది.

ఇప్పుడు తీగతో పాటు గాలి కూడా కబురు మోస్తోంది. పంచాయతీ కార్యాలయం మీదనో, బడి గోడకో బిగించిన చిన్న వైఫై పెట్టె చుట్టుపక్కల ఫోన్లకు ఇంటర్నెట్ అందిస్తుంది. అయితే ఆ పెట్టెకు వెనుక తీగ ఉండవలసిందే. ఏపీ ఫైబర్‌నెట్ తన తీగను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. ఖర్చు తగ్గింది, పని తొందరగా అయింది. కానీ స్తంభం ఒరిగితే దీపమూ ఆరుతుంది, నెట్టూ ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు వేలాది కరెంటు స్తంభాలు పడిపోయాయి. సెల్‌ఫోన్లు కూడా మూగబోయాయి.

అందుకే ఇటువంటి పెట్టెలకు రెండో దారి పెడతారు. అసలు తీగ తెగితే సెల్ సిమ్ ద్వారానో, పొరుగూరి టవరు నుంచి రేడియో లింకు ద్వారానో పని నడవాలి. దూరాన ఉన్న కేంద్రంలోని కంప్యూటరు కొద్ది నిమిషాలకోసారి ప్రతి పెట్టెనూ 'ఉన్నావా?' అని పలకరిస్తుంది. ఒక్కసారి బదులు రాకపోతే కంగారు పడదు. వరుసగా రెండు మూడు సార్లు రాకపోతే సిబ్బందికి కబురు పెడుతుంది.

కరెంటు పోయిందా, తీగ తెగిందా? అదీ చాలావరకు తెలుసుకోవచ్చు. అనేక ఫైబర్ పెట్టెలు కరెంటు పోయిన క్షణంలో, లోపల మిగిలిన కాస్తంత శక్తితో ఒక్క కబురు పంపి ఆగిపోతాయి. సాంకేతిక భాషలో దీన్ని 'డయింగ్ గ్యాస్ప్' అంటారు. మన మాటల్లో కొన ఊపిరి. అది కూడా రాకుండా పెట్టె మూగబోతే తీగనే అనుమానించాలి. తీగ అతికే మనిషిని పంపాలో, బ్యాటరీ పంపాలో అప్పుడు తేలుతుంది.

చిక్కంతా రెండో దారితోనే. మొదటిది బాగున్నన్నాళ్ళూ దాని ఊసు ఎవరికీ పట్టదు. సిమ్ రీఛార్జి గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. ఉప్పుగాలికి యాంటెన్నా కలిపిన చోట తుప్పు పట్టి ఉంటుంది. పెట్టె మాత్రం 'బాగున్నా' అనే చెబుతుంటుంది. ఆ జవాబు వస్తున్నది మొదటి దారినే మరి! కాబట్టి పలకరింపు రెండో దారి గుండా కూడా విడిగా వెళ్ళాలి. అప్పుడప్పుడు అసలు తీగను కావాలనే ఆపి, రెండోది అందుకుంటుందో లేదో చూడాలి. వాడకపోయినా డీజిల్ ఇంజను ఒకసారి తిప్పి చూసుకునే రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు.

రెండో దారిగా నమ్ముకున్న సెల్ టవరు కూడా అదే స్తంభాల మీది తీగకే వేలాడుతుంటే రెండూ ఒకేసారి పోతాయి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకంలో తీగను వలయంగా వేయాలన్నది ఇందుకే. ఒక చోట తెగినా అవతలి వైపు నుంచి నెట్ అందుతుంది.

రేషన్ దుకాణంలో వేలిముద్ర పడాలన్నా, తుఫాను హెచ్చరిక ఫోనుకు చేరాలన్నా ఏదో ఒక దారి బతికి ఉండాలి. అక్టోబరు రాకముందే రెండో దారిని పరీక్షించారా అని పంచాయతీలో అడగవచ్చు. పెట్టె ఉన్న గది తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా అప్పుడే కనుక్కుంటే మంచిది.