కడుపులో ‘బల్ల’: కాలువ గట్ల పల్లెల పాత బాధ

నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతుంది. ఎడమ డొక్క కింద ఏదో బరువు వేలాడుతున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి ఒంట్లో సత్తువ ఉండదు. మందుల దుకాణంలో అడిగితే గ్యాస్ అని గోలీ ఇస్తారు. పది రోజులు తగ్గినట్టే ఉండి బాధ మళ్లీ మొదటికి వస్తుంది. ఇలా నెలలు గడిచాక ఒక డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ప్లీహం పెరిగింది అంటాడు. ఇంట్లోని ముసలివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. “కడుపుల బల్ల లేచింది” అని వారు ఎప్పుడో అని ఉంటారు.

నిజామాబాద్ పట్టణం నుంచి బోధన్ దాకా, నిజాంసాగర్ కాలువల వెంట ఉన్న పల్లెల్లో ‘బల్ల’ అన్న మాట తెలియని పాతతరం లేదు. పక్కటెముకల కింద చేతికి చెక్కలా గట్టిగా తగిలే ఆ వాపును పల్లెవాసులు బల్ల అన్నారు. ఉర్దూ మాట్లాడేవారు తిల్లి అంటారు. పేరు ఏదైనా రోగి పడే తిప్పలు ఒక్కటే. జబ్బు పేరు తెలియక, ఎవరి దగ్గరకు పోవాలో తెలియక, కూలి పోగొట్టుకుంటూ ఊరూరూ తిరగడం.

పిడికెడు అవయవం

ప్లీహం ఎడమ వైపు తొమ్మిది, పది, పదకొండో పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 150 గ్రాములు, అంటే పిడికెడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు సాధారణంగా చేతికి తగలదు. రక్తాన్ని వడపోయడం దాని పని. నూట ఇరవై రోజులు తిరిగి అలసిపోయిన ఎర్ర కణాలను ఏరివేస్తుంది. రక్తంలో చొరబడిన క్రిములను పట్టుకుంటుంది. ఈ పని భారం మితిమీరినప్పుడు గాని, అక్కడి నుంచి కాలేయానికి పోవలసిన రక్తానికి దారి మూసుకున్నప్పుడు గాని అది ఉబ్బుతుంది. మరీ పెరిగితే బొడ్డు దాటి కిందికి దిగుతుంది. పక్కనే ఉన్న జీర్ణకోశాన్ని నొక్కుతుంది గనుకనే నాలుగు ముద్దలకే ఆకలి చచ్చిపోతుంది.

అందువల్ల వైద్యులు ఒక సంగతి పదే పదే చెబుతారు. ప్లీహం పెరగడం అనేది జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. అసలు కారణం ఇంకెక్కడో ఉంటుంది. దానిని వెతకకుండా వాపుకు మందు వేయడం పొగను విసిరి నిప్పును వదిలేయడం వంటిది.

నీటి వెంట జ్వరం

ఒకప్పుడు ఆ నిప్పు చాలావరకు మలేరియాయే. మలేరియా క్రిమి సోకిన ఎర్ర కణాలను ఏరి ఏరి ప్లీహం పెరుగుతుంది. జ్వరం పదే పదే వచ్చే ఊళ్లో పిల్లల పొట్టలు ముందుకు పొడుచుకు వచ్చేవి. ఈ విషయాన్ని దోమ సంగతి తెలియకముందే గుర్తించారు. 1840లలో ఉత్తర భారతంలో యమునా కాలువల వెంట జ్వరాలు పెరిగాయన్న ఫిర్యాదుపై ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. అందులోని డెంప్‌స్టర్ అనే వైద్యుడు ఊరూరా పొట్టలు తడిమి, ఎందరికి ప్లీహం పెరిగిందో లెక్క కట్టాడు. మురుగు పోయే దారి లేని ఊళ్లలోనే లెక్క ఎక్కువని తేలింది. అదే ‘ప్లీహ గణన’గా ప్రపంచమంతటా వ్యాపించింది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో సగం మందికి పైగా ఏడాది పొడవునా ప్లీహం పెరిగి ఉంటే ఆ ఊరు తీవ్ర మలేరియా ప్రాంతమని తరువాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం నిర్ణయించింది.

దోమే దీనికి వాహనమని తేల్చడానికి ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగ్ ప్రతిభకు అది నిదర్శనం. ఆ నీటి మీద వరి, చెరకు విరగ పండాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి ‘క్యాంపులు’ కట్టుకున్నారు. సిరులతోపాటు కాలువ ఊటలు, గట్ల పక్క గుంతలు, నీరు నిలిచిన మడులు కూడా వచ్చాయి. పల్లెల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమకు ఇటువంటి చోట్లే పురిటిల్లు. పగలంతా అది పశువుల కొట్టాల్లో దాక్కుంటుంది.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. డీడీటీ చల్లే సిబ్బంది ఇంటి గోడ మీద తేదీ రాసి పోయిన రోజులు పెద్దలకు గుర్తే. దేశంలో మలేరియా దాదాపు పోయిందనుకున్న తరువాత, 1976లో మళ్లీ 64 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆ తరువాతి ప్రయత్నాలతో వ్యాధి బాగా తగ్గింది. ఈనాడు బల్ల కనిపించగానే మలేరియా అనుకుని క్లోరోక్విన్ మింగి ఊరుకునే కాలం కాదు.

మారిన కారణాలు

నేడు వెతకవలసిన కారణాలు అనేకం. అందులో ముఖ్యమైనది కాలేయం. సారా వల్ల గాని, హెపటైటిస్ బి, సి క్రిముల వల్ల గాని కాలేయం గట్టిపడితే రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. టైఫాయిడ్‌లో కొద్దిగా పెరుగుతుంది. క్షయ ఒక్కోసారి ఊపిరితిత్తులను వదిలి కడుపును పడుతుంది. పిల్లల్లో తలసేమియా, సికిల్ సెల్ వంటి పుట్టుకతో వచ్చే రక్తలోపాలు ఉంటాయి. సికిల్ సెల్ నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమమే ప్రారంభమైంది. నడివయసులో ప్లీహం బొడ్డు దాకా పెరిగితే దీర్ఘకాలిక రక్త క్యాన్సర్ ఉందేమో చూడాలి. క్యాన్సర్ అనగానే గుండె జారవలసిన పని లేదు. 2001లో ఇమాటినిబ్ గోలీ వచ్చాక ఈ రకం క్యాన్సర్ రోగులలో చాలామంది ఏళ్ల తరబడి పని చేసుకుంటూ బతుకుతున్నారు.

మరొకటి కాలా అజార్. ఇది తెలంగాణ జబ్బు కాదు. బీహార్, జార్ఖండ్, బెంగాల్ వైపు ఉండే వ్యాధి. రైసు మిల్లులకు బీహార్ కూలీలు వచ్చే ఈ జిల్లాలో రెండు వారాలకు మించి జ్వరం, దానితో ప్లీహం వాపు ఉన్న వలస కూలీని ఏ ఊరివాడవని అడగడం వైద్యంలో భాగమే. ఈ వ్యాధి క్రిమిని 1903లో మద్రాసులో డోనోవాన్ గుర్తించినది ప్లీహం నుంచి తీసిన రక్తంలోనే.

వాతలు పెట్టిస్తే?

బల్లకు వాతలు పెట్టడం పాత అలవాటు. కాల్చిన ఇనుప కమ్మితో పసిపిల్లల పొట్ట మీద చురకలు పెట్టేవారు. తగ్గింది కదా అని వాదించేవారూ ఉన్నారు. మలేరియా జ్వరం విడిచిపోతే ప్లీహం తనంతట తానే కొంత తగ్గుతుంది. పేరు మాత్రం వాతకు దక్కింది. లోపలి జబ్బుకు వాత చేసేదేమీ లేదు. కాలిన పుండు చీము పట్టి బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. నూనె రాసి గట్టిగా తోమించడం మరీ ప్రమాదం. ఉబ్బిన ప్లీహం చిట్లితే కడుపులోనే రక్తం కారిపోతుంది.

పరీక్షల వరస

మొదటి పరీక్ష డాక్టరు చెయ్యి. తరువాత రక్త కణాల లెక్క, సూక్ష్మదర్శిని కింద రక్తపు చుక్క, కాలేయ పరీక్షలు, హెపటైటిస్ పరీక్ష, పొట్ట స్కాన్. వీటితో చాలావరకు దారి దొరుకుతుంది. దొరకకపోతే హిమోగ్లోబిన్ రకం చూసే పరీక్ష, ఎండోస్కోపీ, చివరకు ఎముక మూలుగ పరీక్ష. బోధన్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. నిజామాబాద్‌లో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అంతకు మించి కావలసివస్తే హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి.

చాలామంది రోగులు చేసే పొరపాటు, డాక్టరు మారినప్పుడల్లా పాత కాగితాలను ఇంట్లో వదిలి పోవడం. కొత్త చోట పరీక్షలన్నీ మళ్లీ మొదలవుతాయి, డబ్బూ మళ్లీ ఖర్చవుతుంది. అన్ని రిపోర్టులను తేదీల వారీగా ఒక సంచిలో పెట్టుకుంటే, ఆరు నెలల కింద ఎన్ని సెంటీమీటర్లు, ఇప్పుడెంత అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

కారణం తెలియకుంటే

అన్ని పరీక్షలు చేసినా ఏమీ తేలని రోగులు కొందరుంటారు. ఇంట్లోవారు ‘ఏమీ లేదన్నారు కదా’ అంటారు. నొప్పి ఉన్నవాడికి ఆ మాట మరో నొప్పి. కారణం దొరకలేదంటే బాధ అబద్ధమని కాదు. అటువంటివారు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం రక్త పరీక్ష, స్కాన్ మళ్లీ చేయించుకుంటూ ఉండాలి. జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డలు వంటి కొత్త గుర్తు ఏది వచ్చినా వెంటనే చెప్పాలి.

ఈలోగా పాటించవలసినవి కష్టమైనవి కావు. ఒకేసారి కడుపు నిండా తినక కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు తినాలి. సారా, కల్లు మానాలి. కబడ్డీ, కుస్తీ వంటి పొట్టకు దెబ్బ తగిలే ఆటలు వద్దు. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉండవచ్చు గనుక నొప్పి గోలీలు సొంతంగా మింగరాదు. ఎడమ వైపు హఠాత్తుగా పొడిచినట్టు నొప్పి వచ్చి ఎడమ భుజానికి పాకినా, కళ్లు తిరిగినా, రక్తం వాంతి అయినా, మలం తారులా నల్లగా పోయినా తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి చేరాలి. ప్లీహం తీసివేసినవారు న్యుమోకోకస్ వంటి క్రిములకు టీకాలు వేయించుకోవాలి. వారికి జ్వరం వస్తే మామూలు జ్వరమని ఊరుకోరాదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ పొగగొట్టాల కింద బతికిన కుటుంబాలు ఇప్పుడు వేరు వేరు పనుల్లో ఉన్నాయి. ఈ పల్లెల కూలీకి ఈనాటికీ ఒక రోజు ఆసుపత్రికి పోవడమంటే ఒక రోజు కూలి పోవడమే. అయినా గ్యాస్ గోలీలతో ఆరు నెలలు నెట్టడం కంటే ఆ ఒక్క రోజు కూలి పోవడమే తక్కువ నష్టం. డొక్కలో చేతికి బల్ల తగిలినవారు వాతలవాడి ఇంటికి కాక ఆసుపత్రికి దారి పట్టవలసి ఉన్నది.