నాలుకకు తెలియని తేడా

మ్యాగీ గొడవ సద్దుమణిగినా ‘కలపలేదు’ అనే ఒక్క మాట లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలే ఉంది

నూడుల్స్ ప్యాకెట్ మీద రాసిన మూడు మాటలకు సంజాయిషీ ఇవ్వడానికి నెస్లే ప్రపంచాధినేత పాల్ బుల్కే స్వయంగా ఢిల్లీ రావలసి వచ్చింది. మ్యాగీ సురక్షితమేనని వాదిస్తూనే, ‘నో యాడెడ్ ఎంఎస్‌జీ’ అనే ప్రకటనను ప్యాకెట్ల మీంచి తొలగిస్తామని 2015 జూన్ 5న ఆయన విలేకరులకు చెప్పారు. అదే రోజు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) తొమ్మిది రకాల మ్యాగీని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది.

ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో సేకరించిన నమూనాతో మొదలైన ఈ వ్యవహారంలో ఆరోపణలు రెండు. పరిమితి 2.5 పీపీఎం కాగా సీసం 17.2 పీపీఎం ఉందన్నది మొదటిది. పతాక శీర్షికలకెక్కింది అదే. 2015 ఆగస్టు 13న బాంబే హైకోర్టు నిషేధాన్ని కొట్టివేసి, మళ్లీ పరీక్షలు చేయించమంది. మొహాలీ, జైపూర్, హైదరాబాద్ ల్యాబ్‌లలో సీసం పరిమితిలోపే ఉన్నట్టు తేలింది. నవంబర్‌లో మ్యాగీ తిరిగి దుకాణాలకు చేరింది.

చిక్కంతా రెండో ఆరోపణతోనే. మోనోసోడియం గ్లుటమేట్, అదే మన వంటిళ్లలో అజినమోటో అనే టేస్టింగ్ సాల్ట్, కలపలేదన్న ప్యాకెట్‌లో గ్లుటమేట్ బయటపడింది. వేరుశనగ ప్రొటీన్, ఉల్లిపొడి, గోధుమపిండి నుంచి అది సహజంగానే వచ్చిందని కంపెనీ వివరణ.

కొట్టిపారేయదగ్గ వాదన కాదది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా ఈ రుచిని కనిపెట్టింది సముద్రపు నాచు చారులోనే. మన టమాటా చారులోనూ గ్లుటమేట్ ఉంటుంది. 1968లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఒక లేఖతో దానికి అపకీర్తి వచ్చింది కానీ, మామూలు మోతాదులో హానికరమని తర్వాతి పరీక్షలు నిలకడగా రుజువు చేయలేదు.

పరీక్షకు అందని నిజం

అసలు సమస్య విషం కాదు, నిజాయితీ. సహజంగా ఉన్న గ్లుటమేట్‌నూ విడిగా కలిపినదాన్నీ నాలుక వేరుచేయలేదు. ల్యాబూ వేరుచేయలేదని 2016 మార్చిలో ఎఫ్ఎస్ఎస్ఏఐ స్వయంగా ఒప్పుకుంది. అందుకే ‘ఎంఎస్‌జీ లేదు’ లేదా ‘కలపలేదు’ అని లేబుల్ మీద రాసి, లోపల అది కనిపించినప్పుడే కంపెనీపై చర్య తీసుకోమని అధికారులకు సూచించింది. కేంద్రం మాత్రం దాదాపు రూ.640 కోట్ల పరిహారం కోరుతూ జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో ఆ ఫిర్యాదు వీగిపోయింది.

కాబట్టి వినియోగదారుడికి మిగిలిన ఆయుధం లేబులే. ఎంఎస్‌జీ కలిపితే ఆ సంగతి చెప్పి, 12 నెలల్లోపు శిశువులకు తగదని రాయాలి. పదార్థాల జాబితాలో 621 అంకె కనిపిస్తే అది ఎంఎస్‌జీయే. 627, 631, 635 కూడా రుచిని పెంచేవే. కృత్రిమ ఫ్లేవరైతే పేరు చెప్పాలి. సహజమైనదైతే ‘నేచురల్ ఫ్లేవర్’ అంటే సరిపోతుంది. అది దేని నుంచి వచ్చిందో మనం ఊహించుకోవలసిందే.

అదీ ప్యాకెట్ ఉంటేనే. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్ వీధుల్లో సాయంత్రమయ్యేసరికి జనం మూగే చౌమీన్ బండ్ల మీద చదవడానికి లేబులే ఉండదు.