బోనెక్కిన మోనా లీసా

అలబామా మీదుగా కారులో వెళ్తున్న ఇద్దరు న్యూయార్క్ కుర్రాళ్ల మీద హత్య కేసు పడుతుంది. వాళ్లను విడిపించడానికి బ్రూక్లిన్ నుంచి విన్నీ గాంబినీ వస్తాడు. ఇటాలియన్ మూలాలవాడు, ఆరోసారికి లాయరు పరీక్ష గట్టెక్కినవాడు, తోలు కోటుతో కోర్టుకొచ్చి జడ్జి చేత చీవాట్లు తిన్నవాడు. 1992లో వచ్చిన 'మై కజిన్ విన్నీ' కథ ఇది. సినిమాలో ఎవరికి చోటు దక్కిందో తేల్చడానికి మనం సాధారణంగా తలలు లెక్కపెడతాం. ఆ లెక్క కావాల్సిందే. కానీ నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న మరొకటుంది: ఆ మనిషికి ఏదో తెలుసని కథ ఒప్పుకుందా, ఆ మాటకు కేసులో విలువిచ్చిందా?

విన్నీకి కాబోయే భార్య మోనా లీసా వీటో పనిలేని హెయిర్ డ్రెస్సర్. ఆమె కార్ల నిపుణురాలిగా బోనెక్కగానే ప్రాసిక్యూటర్ తేలిగ్గా తీసుకుంటాడు. 1955 షెవర్లేలోని ఒక ఇంజన్ గురించి తికమక ప్రశ్న వేస్తాడు. ఆ ఇంజన్ 1962 దాకా రానేలేదని ఆమె అక్కడికక్కడే తేల్చేస్తుంది. ఆ తర్వాత ఒక్క ఫొటోలో నేరస్థలంలోని టైరు గుర్తులు చూసి, అవి కుర్రాళ్ల 1964 బ్యూక్ స్కైలార్క్‌వి కావని, 1963 పాంటియాక్ టెంపెస్ట్‌వని వెనక చక్రాల అమరికతో సహా వివరిస్తుంది. ఎంత చేసినా గెలుపు హీరోదే కదా అనవచ్చు. ప్రశ్నలు విన్నీవి, నిజమే. కేసును నిలబెట్టిన సాక్ష్యం మాత్రం ఆమెది. ప్రాసిక్యూషన్ తెచ్చుకున్న ఎఫ్‌బీఐ నిపుణుడే దాన్ని ఒప్పుకోవాల్సి వస్తుంది. మరీసా టొమేకి ఈ పాత్ర ఆస్కార్ తెచ్చిపెట్టింది.

ప్రాసిక్యూషన్ తరఫున వచ్చిన మిసెస్ రైలీ అనే నల్లజాతి వృద్ధురాలి సాక్ష్యం చూడండి. ఆమెకు దళసరి కళ్లద్దాలు. విన్నీ టేపు లాగి, యాభై అడుగుల దూరంలో నిలబడి రెండు వేళ్లు చూపిస్తాడు, ఆమె నాలుగంటుంది. ఆమె అబద్ధమాడిందని అతడు ఒక్కసారీ అనడు, గొంతు పెంచడు. ఇంకాస్త దళసరి అద్దాలు తీసుకోవాలేమోనని చివరికి ఆమే చెప్పుకునేంత మర్యాదగా నడుస్తుంది ఆ క్రాస్ ఎగ్జామినేషన్. సాక్ష్యం వీగిపోతుంది, ఆమె గౌరవం మాత్రం చెక్కుచెదరదు.

ఇంత చేతనైన సినిమా కనుకే దాని లోపాలు బాధపెడతాయి. ప్రభుత్వం తరఫున వచ్చిన డిఫెన్స్ లాయరుకు నత్తి. అతడు నోరు తెరిస్తే చాలు, నవ్వమంటుంది సినిమా. రైలీ చూపు మీద చూపిన కనికరం అతని మాట మీద లేదు. రెండోది ఇంకా లోతైనది. అలబామాలో 1931లో స్కాట్స్‌బరో కేసులో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను తప్పుడు అత్యాచార ఆరోపణ మీద పట్టుకున్నారు. తొలి విచారణల్లోనే ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. నల్లజాతివారిని జ్యూరీలకు దూరం పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1935లో అదే కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే రాష్ట్రంలో చేయని నేరానికి చిక్కుకున్న యువకుల కథ చెబుతూ, ఈ చరిత్రను సినిమా దాదాపు తాకదు. అందులో గుర్తుండిపోయే నల్లజాతి పాత్ర రైలీ ఒక్కరే.

హాస్య సినిమాకు చరిత్ర పాఠం బాధ్యత ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పాఠం ఎవరూ అడగడం లేదు. ఆ కోర్టు హాల్లో ప్రాసిక్యూటరో, ఎఫ్‌బీఐ నిపుణుడో నల్లజాతి మనిషై ఉంటే ఒక్క నవ్వూ తగ్గేది కాదు. టైరు గుర్తుల మీద అంత సూక్ష్మమైన వాదనతో జనాన్ని కడుపుబ్బ నవ్వించిన రచయితకూ దర్శకుడికీ అది చేతకాని పనేమీ కాదు.