తాళపుచెవి ఎవరి చేతిలో?



గత సంవత్సరము అర్ధవార్షిక పరీక్షల జవాబుపత్రములు దిద్దుటకు ఒక రాత్రి కూర్చుంటిని. ఒక పదమునకు అర్థము చూచుకొనుటకై ఫోను చేతికి తీసికొంటిని. తల ఎత్తునప్పటికి గంటకు పైగా గడచినది. దిద్దినవి మూడు పత్రములే. ఆ పదమునకు అర్థము మాత్రము చూడనే లేదు! కావున ఈ వ్యాసమును ఉపదేశముగా గాక, తోడి బాధితుని మాటగా గ్రహింపుడు.

దృష్టి మరల్చు యాప్‌లను ఆపు ఏర్పాటులు ఫోనులోనే కలవు. కాని ఆపిన దానిని తెరచు మీట కూడ ఆ తెరమీదనే ఉండును. ఇది దొంగచేతికి తాళములిచ్చినట్లే గదా! అందువలననే తాళపుచెవిని ఫోనునకు వెలుపల నుంచు పరికరములు పుట్టినవి. వీనిలో మూడు విధములు ముఖ్యములు.

మొదటిది తాకుడు పలక. అమెరికాలో పుట్టిన ‘బ్రిక్’ ఇట్టిది. అరచేతిలో ఇముడు ఈ పలకకు ఫోనును తాకించినచో, మనము ముందుగా ఎంచుకొన్న యాప్‌లు మూతపడును. మరల తాకించినచో తెరచుకొనును. ఇందలి కిటుకు ఎన్.ఎఫ్.సి. అను పద్ధతి. అది 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగములతో కొద్ది సెంటీమీటర్ల దూరములోనే పనిచేయును. పలకకు బ్యాటరీతో పనిలేదు. ఫోను వెలువరించు తరంగములనుండియే దానికి వలసిన శక్తి లభించును. పలకను పై అంతస్తులో ఉంచి క్రింద చదువుకొనవచ్చును.

రెండవది గడువు పెట్టె. ఫోనును లోపల నుంచి గడువు నిర్ణయించినచో, అది ముగియువరకు మూత రాదు. కట్టడి గట్టిదే, కాని వచ్చిన పిలుపునకు బదులు పలుకుటకు వీలుండదు.

మూడవది అయస్కాంతపు తాళముగల సంచి. 2014లో అమెరికాలో స్థాపింపబడిన యాండర్ సంస్థ వీనిని పాఠశాలలకును, సంగీతసభలకును అందించుచున్నది. వెలుపల నమర్చిన అయస్కాంత పీఠమునకు తాకించిననే సంచి తెరచుకొనును. ఇది సమూహములకు తగినది; ఒక ఇంటికి అంతగా అవసరము లేదు.

ఎన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. తాళపుచెవి ఎంత దూరమున ఉండును? అత్యవసరమున తెరచు దారి కలదా? ఆ ఫోను ఎవరిది?

మూడవ ప్రశ్న మనకు ముఖ్యము. మన హోసూరు ప్రాంతమున ఇంటికంతకు ఒకే ఫోను ఉన్న కుటుంబములు కలవు. బెంగుళూరు పనికి పోయిన తండ్రి రాత్రి పిలుచునప్పుడు అది గడువు పెట్టెలో నుండరాదు. మరియు తెలుగు పుస్తకశాలలు అరుదైన ఈ సరిహద్దు సీమలో శబ్దరత్నాకరము వంటి నిఘంటువులు మనకు సులభముగా లభించునది ఫోనులోనే. కావున అన్నిటిని మూయు పెట్టెకంటె, కొన్నిటిని మాత్రమే మూసి నిఘంటువును, పిలుపులను విడిచిపెట్టు పలక మేలు.

అది కొనుటకు వీలులేనివారు చింతింపనక్కరలేదు. నేనును కొనలేదు. మా ఇంటి పాత ఇనుప పెట్టెలో ఫోనునుంచి, తాళపుచెవిని మా అమ్మకు ఇచ్చుచున్నాను. పిలుపు వచ్చినచో గంట వినబడును; ఆమె తెరచి ఇచ్చును. తెలియని పదములను కాగితముమీద వ్రాసికొని ఉదయమున చూచుకొనుచున్నాను.

మొదటి రాత్రి తాళపుచెవికై రెండుమారులు పోతిని. “ఏమిటికి నాయనా?” అని ఆమె అడిగినది. రెండుమారులును జవాబు తోచక మరలి వచ్చితిని. అన్ని పరికరములును మనలను అడుగునది ఆ ఒక్క ప్రశ్నయే. దానికి సరియైన జవాబున్ననాడు తాళము తీయుటలో తప్పులేదు.