బండలమీద చెవులపిల్లి

తెలుగునాట కుందేలునకు చెవులపిల్లి యని ముద్దుపేరు కలదు. నిక్కపొడుచుకొన్న చెవులే దాని గుర్తు. కాని కొందరు ఇండ్లలో పెంచుకొనుచున్న ఒక పొట్టిజాతి కుందేలునకు చెవులు నిలువవు. చెంపలమీదుగా జడకుచ్చులవలె వ్రేలాడుచుండును. పిల్లలకు అదే ముచ్చట. బనగానపల్లె వంటి ఎండల ఊరిలో అదే చిక్కు.

ఈ జాతి పుట్టినది చల్లని హాలెండులో. అడ్రియన్ ద కాక్ అను ఆయన పెద్ద వాలుచెవుల కుందేళ్ళకును, మరుగుజ్జు కుందేళ్ళకును 1949లో జోడు కట్టనారంభించగా, 1964లో అక్కడివారు దీనిని ప్రత్యేకజాతిగా అంగీకరించిరి. తూకము సాధారణముగా రెండు కిలోలకు లోపే. చెవి వాలుట పైపై సింగారము మాత్రమే కాదు. ఒక చెవి మాత్రమే వాలిన కుందేటి పుర్రెను డార్విన్ పరిశీలించి, రెండు ప్రక్కల ఎముక ఒక్కతీరుగా లేదని 1868 నాటి గ్రంథములో చూపెను. వాలిన చెవి రంధ్రము ముడుచుకొని, గులిమి చేరి, తరచు చీము పట్టును.

మన బీళ్ళలోని అడవి కుందేలు దీనికి దాయాదియే గాని జాతి వేరు. దాని పిల్లలు కండ్లు తెరచి, ఒడలినిండ బొచ్చుతో పుట్టును. పెంపుడుదాని పిల్లలు గ్రుడ్డివిగా, బొచ్చు లేక పుట్టును. అడవిదానిని పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ననుసరించి నేరము. పంచతంత్రములో సింహమును బావిలో దూకించినది ఆ అడవిదే. హాలెండుదానికి అంతటి యుక్తి కలదో లేదో గాని, ఓర్పు మాత్రము ప్రమాదకరమైనంత కలదు. నొప్పి కలిగినను అరవదు. మేత మాని మూల నక్కును. అరపూట మేత ముట్టకున్న పశువైద్యుని చూడవలసినదే.

కుందేలునకు చెమట పట్టదనియే చెప్పవచ్చును. ఒంటివేడి చాలభాగము చెవుల నరములగుండ వెలికి పోవును. నిలిచిన చెవికి ఇరుప్రక్కల గాలి తగులును. వాలిన చెవి లోపలి ప్రక్క చెంపకు అంటుకొనియుండును. 30 డిగ్రీలు దాటినప్పుడే దానికి ఇబ్బంది. బనగానపల్లెలో వేసవి 40 దాటును. నోరు తెరచి రొప్పుచున్నచో వడ తగిలినదని గ్రహించి, నీడకు చేర్చి, చెవులను చల్లనీటితో తడుపవలెను. మంచునీరు కూడదు. రేకుల కప్పు క్రింద పంజరము పెట్టుట చంపుటతో సమానము.

ఇచట ఊరే కొంత తోడ్పడుచున్నది. ఈ ప్రాంతపు నాపబండ పరచిన నడవ మధ్యాహ్నము సైతము చల్లగా నుండును. తడిపిన బండమీద కుందేలు పొట్ట ఆనించి గంటలకొలది పడుకొనును. అయితే గట్టినేలపైననే ఉంచిన అరికాళ్ళు పుండ్లు పడును గనుక ప్రక్కనే ఎండుగడ్డి పరచవలెను.

ఆ గడ్డియే దానికి ముఖ్యాహారము. పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండుటచేత గరిక, ఎండుగడ్డి నమలి అరుగదీసికొనవలసియున్నది. క్యారట్టు చిన్నముక్క చాలును. బంగినపల్లి మామిడిపండు ఊరికి ఎంత కీర్తియైనను దాని కడుపునకు చేటే. అది బ్రతుకునది ఎనిమిది పది యేండ్లు. ఏడవ తరగతిలో తెచ్చుకొన్న బాలుడు కళాశాల చదువునకు కర్నూలు వెళ్ళిన పిమ్మట, మధ్యాహ్నములు బండను తడుపునది తల్లియే.