కాంపాక్ట్ డిజిటల్ కెమెరా: పట్టు, మీటలు, వెలుతురుపై అదుపు

పరిచయం

అపర్చర్, షట్టర్ వేగం, ఐఎస్‌ఓ అనే మూడు మాటల అర్థం ఇంతకుముందు పాఠంలో తెలుసుకున్నారు. అవి కెమెరా మీద ఎక్కడ ఉంటాయి, ఏ సందర్భంలో దేన్ని తిప్పాలి అన్న విషయాలను ఈ పాఠంలో చూద్దాం. మనం తీసుకున్నది జేబులోనో చిన్న సంచిలోనో పట్టే కాంపాక్ట్ కెమెరా. అయితే అన్నీ తానే చూసుకునే రకం కాదు. ఫొటోగ్రఫీని ఇష్టంగా నేర్చుకునేవారి కోసం చేతి అదుపులు ఉంచిన రకం. 2008లో వచ్చిన కానన్ పవర్‌షాట్ జి10, పానాసోనిక్ ల్యూమిక్స్ ఎల్‌ఎక్స్3, 2009లో వచ్చిన కానన్ ఎస్90, 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 ఈ కోవకు చెందినవి. చవక కాంపాక్టుల చోటును ఫోన్లు ఆక్రమించినా, ఈ రకాన్ని సెకండ్ హ్యాండులోనైనా కొని వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ దగ్గర ఫోన్ ఒక్కటే ఉన్నా ఈ పాఠంలో సగానికి పైగా మీకు పనికివస్తుంది.

పాఠం చాలావరకు ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. మీరు నర్సీపట్నంలో ఉంటున్నారనుకోండి. అక్కడినుంచి చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డులో సుమారు 30 కిలోమీటర్ల దూరంలో లంబసింగి ఉంది. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచును చూడడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. ఇంటికి వచ్చి చూసుకుంటే, తెల్లగా ఉండవలసిన మంచు బూడిదరంగులో ఉంటుంది. రోడ్డు పక్కన చలి కాచుకుంటున్న మనిషి ముఖం నల్లటి మరకలా ఉంటుంది. కావడి కనిపిస్తుంది కాని, దాన్ని మోస్తున్న వ్యక్తి ఎవరో తెలియదు. మంచు మళ్లీ రేపు పడుతుంది, ఆ మనిషి మాత్రం రేపు అక్కడ ఉండకపోవచ్చు. కాబట్టి అక్కడికక్కడే, కెమెరా చేతిలో ఉండగానే సరిచేసుకోవడం తెలియాలి.

కెమెరా మీటరు ఏమనుకుంటుంది?

కెమెరాలోని మీటరుకు తన ముందున్నది మంచో, మసిబొగ్గో తెలియదు. దానికి తెలిసింది ఎంత వెలుతురు లోపలికి వస్తున్నదనే. దృశ్యంలోని తెలుపు, నలుపు అన్నీ కలిపి సగటు తీస్తే ఒక మధ్యస్థమైన బూడిదరంగు వస్తుందని అది ఊహిస్తుంది. తన మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే బూడిదరంగును దీనికి ప్రమాణంగా చెప్పడం ఫొటోగ్రఫీ పుస్తకాల్లో ఆనవాయితీ. వీధిలో, బడిలో, పెళ్లిపందిట్లో ఈ ఊహ చాలాసార్లు సరిపోతుంది. అందుకే ఆటోలో తీసినవి కూడా బాగుంటాయి.

చట్రమంతా తెల్లగా ఉన్నప్పుడు ఈ ఊహ దెబ్బతింటుంది. పొగమంచు చూసి మీటరు ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. మంచు బూడిదరంగుకు దిగుతుంది. దాని ముందు నిలబడిన మనిషి అప్పటికే మంచు కంటే ముదురుగా ఉంటాడు కాబట్టి, ఇంకా కిందికి జారి నలుపులో కలిసిపోతాడు. చామనఛాయ, నలుపు ఛాయ ముఖాలకు ఈ నష్టం మరీ ఎక్కువ. దృశ్యాన్ని ముక్కలుగా చూసి లెక్కవేసే మీటరింగు, ముఖాన్ని గుర్తుపట్టే సదుపాయం కొత్త కెమెరాల్లో ఉన్నాయి. అవి కొంతవరకు సర్దుతాయి. దట్టమైన మంచులో, దుప్పటి కప్పుకుని పక్కకు తిరిగి కూర్చున్న మనిషి విషయంలో వాటిని నమ్ముకోలేం.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక తెల్ల పంచెను చట్రం నిండా వచ్చేటట్టు ఫొటో తీయండి. తరవాత ఒక నల్ల గొడుగును అలాగే తీయండి. తెరమీద పక్కపక్కన చూస్తే పంచె మాసినట్టు, గొడుగు వెలిసినట్టు, రెండూ ఒకే బూడిదరంగు వైపు నడిచినట్టు కనిపిస్తాయి.

ఎక్స్‌పోజర్ సవరణ: అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన మీట

కూడిక, తీసివేత గుర్తులు కలిసి ఉన్న మీటను మీ కెమెరా మీద వెతకండి. జి10లో దీనికి పైభాగాన ఎడమవైపు విడిగా ఒక చక్రం ఉంది. ఆర్‌ఎక్స్100లో విడి చక్రం లేదు. వెనక ఉన్న గుండ్రటి మీట కింది అంచును నొక్కి తిప్పాలి. ఫోన్లో తెరను తాకినప్పుడు వచ్చే సూర్యుడి బొమ్మను పైకీ కిందికీ జరపడం కూడా ఇదే పని. నా ఉద్దేశంలో, ఒక కాంపాక్టును కొనేముందు చూడవలసింది మెగాపిక్సెళ్లు కాదు, చలికి మొద్దుబారిన వేళ్లతో ఈ మీటను కళ్లు తిప్పకుండా అందుకోగలమా అన్నదే.

ఈ సవరణ స్టాపుల్లో ఉంటుంది. ఒక స్టాపు పెంచితే సెన్సరుకు అందే వెలుతురు రెట్టింపు, ఒక స్టాపు తగ్గిస్తే సగం. సాధారణంగా ఒక్కో మెట్టు స్టాపులో మూడోవంతు ఉంటుంది. కెమెరాను అపర్చర్ ప్రాధాన్య విధానంలో (చక్రం మీద ‘ఎ’ లేదా ‘ఏవీ’) ఎఫ్/4, ఐఎస్‌ఓ 200 దగ్గర ఉంచారనుకోండి. మంచును చూసి మీటరు 1/250 సెకను అన్నది. సవరణను +1కి తిప్పితే కెమెరా అదే ఎఫ్/4 ఉంచి షట్టరును 1/125కి తెస్తుంది. మరో మూడింట రెండు వంతులు పెంచితే 1/80 అవుతుంది. లంబసింగి లాంటి మంచులో +1తో మొదలుపెట్టి, ముఖం చూసుకుంటూ +1⅔ దాకా వెళ్లవచ్చు.

పూర్తి ఆటో విధానంలో చాలా కెమెరాల్లో ఈ మీట పనిచేయదు. ‘పి’, ‘ఎ’, ‘ఎస్’ విధానాల్లో పనిచేస్తుంది. తిప్పినా మార్పు రాకపోతే ముందు విధానాల చక్రం ఎక్కడుందో చూడండి.

ఎంత పెంచామో సరిపోయిందా లేదా అని తెరను చూసి తేల్చుకోవడం తెల్లవారుజామున ప్రమాదం. చుట్టూ చీకటి ఉన్నప్పుడు తెర అసలు కంటే కాంతిగా కనిపిస్తుంది. ఫొటో బాగా వచ్చిందనుకుంటాం, పగటిపూట చూస్తే చీకటిగా ఉంటుంది. హిస్టోగ్రామ్ ఈ భ్రమలో పడదు. అందులో ఎడమ అంచు నలుపు, కుడి అంచు తెలుపు. మంచు ఫొటోలో గుట్ట అంతా కుడివైపు ఉండాలి, కుడిగోడకు గుద్దుకుని ఆగిపోకూడదు. గుట్ట నడిమధ్యన ఉంటే మంచు ఇంకా బూడిదరంగులోనే ఉన్నదని అర్థం. సూర్యుడు వచ్చేవైపు కొంచెం మంచు పూర్తిగా తెల్లబడిపోతే బాధపడనక్కరలేదు. ఆకాశం, ముఖం రెండింటిలో ఒకటే మిగులుతుందంటే ముఖాన్నే ఎంచుకోండి.

స్పాట్ మీటరింగు మరో మార్గం. చట్రం మధ్యలోని చిన్న భాగాన్నే ఇది కొలుస్తుంది. ముఖం మీద ఉంచి కొలిచి, ఎక్స్‌పోజర్ లాక్ మీట నొక్కి, చట్రాన్ని సరిచేసుకుని తీయవచ్చు. అయితే మీటరు ఇక్కడ కూడా ముఖాన్ని మధ్యస్థ బూడిదరంగుకే తెస్తుంది. ముదురు ఛాయ ముఖం ఉన్నదానికంటే వెలిసినట్టు వస్తుంది, అందుకని -⅔ సవరణ అవసరపడుతుంది. పెంచడమే కాదు, తగ్గించడం కూడా తెలిసి ఉండాలన్నమాట. అనకాపల్లి జిల్లాలో బెల్లం వండే చోట మసిపట్టిన పాక, నల్లటి పెనం, వాటి మధ్య మంట ఉంటాయి. అక్కడ మీటరు నలుపును చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, మంట రంగు పోయి తెల్లటి గుడ్డలా మిగులుతుంది. అక్కడ -⅔, -1 దగ్గర మొదలుపెట్టండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. మంచులో +1 సవరణ ఇచ్చినప్పుడు అపర్చర్ ప్రాధాన్య విధానంలో ఏది మారుతుంది, ఏది మారదు?
2. తెల్లవారుజామున కెమెరా తెరను నమ్మకూడదని ఎందుకు అన్నాం?

పట్టు, సగం నొక్కు, ఫోకస్

కాంపాక్ట్ తేలిక కావడం మోయడానికి సుఖం, నిలకడకు చేటు. చేతి కడియపు తాడును మణికట్టుకు వేసుకోండి. కుడిచేయి పక్క నుంచి పట్టుకోవాలి, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు లెన్సు గొట్టం కింద ఉండాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. చేతులు చాచి తెర చూస్తూ తీసే అలవాటు ఉంటే ఫొటోలు కదిలిపోవడానికి సగం కారణం అదే.

చేతి వణుకు కనిపించకుండా ఉండడానికి పాత సూత్రం ఒకటి ఉంది. 35 మి.మీ. ఫిల్ము లెక్కలో లెన్సు దూరం ఎంతో, షట్టర్ వేగం అందులో ఒకటో వంతు సెకను కంటే నెమ్మదిగా ఉండకూడదు. 28 మి.మీ. దగ్గర 1/30, 100 మి.మీ. దగ్గర 1/100. కెమెరాలోని వణుకు నివారణ ఈ హద్దును ఇంకా సడలిస్తుంది కాని, నడుస్తున్న మనిషిని అది ఆపలేదు. కావడి మోసేవారు వేగంగా నడుస్తారు, వారికి కనీసం 1/250 కావాలి. అందుకు ఐఎస్‌ఓను పెంచండి. జి10 లాంటి చిన్న సెన్సరులో 400 దాటితే గరుకు మొదలవుతుంది. ఆర్‌ఎక్స్100 లాంటి ఒక అంగుళం రకంలో 1600 దాకా ఫరవాలేదు. గరుకుగా ఉన్న ముఖమైనా ముఖమే, కదిలిపోయింది ఎందుకూ పనికిరాదు.

షట్టరు మీట రెండంచెలుగా దిగుతుంది. సగం నొక్కినప్పుడు ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కినప్పుడు ఫొటో పడుతుంది. ఒక్కసారిగా నొక్కేస్తే కెమెరా ఫోకస్ వెతుక్కునేలోపు మనిషి దాటిపోతాడు. అతను వచ్చే చోటును ముందే అంచనా వేసి, అంతే దూరంలో ఉన్న వస్తువు మీద సగం నొక్కి పట్టుకుని వేచి ఉండండి.

మంచులో ఫోకస్‌కు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పైన చెప్పిన కెమెరాలు తెలుపు నలుపుల తేడా ఎక్కడ బాగా పదునుగా ఉందో వెతికి ఫోకస్ కుదుర్చుకుంటాయి. మంచులో ఆ తేడాయే ఉండదు. లెన్సు ముందుకూ వెనక్కూ జరిగి, చివరికి పసుపు చట్రం చూపిస్తుంది లేదా ఊరుకుంటుంది. చెట్టు మొదలు, దుప్పటి అంచు, సైకిల్ చక్రం వంటి స్పష్టమైన గీత మీదికి ఫోకస్ బిందువును జరపండి. అదీ కుదరకపోతే చేతి ఫోకస్‌కు మారి, దూరాన్ని అంచనాతో 3 మీటర్లకో 5 మీటర్లకో పెట్టుకోండి. చిన్న సెన్సరు ఇక్కడ మీకు మేలే చేస్తుంది. ఎలాగో చూద్దాం.

చిన్న సెన్సరు, పెద్ద అపర్చర్

జి10 సెన్సరు కొలత దాదాపు 7.4 × 5.6 మి.మీ. ఆర్‌ఎక్స్100ది 13.2 × 8.8 మి.మీ. పాత ఫిల్ము చట్రం 36 × 24 మి.మీ. సెన్సరు చిన్నదైన కొద్దీ లెన్సు అసలు దూరం తగ్గుతుంది, ఎక్కువ లోతు ఫోకస్‌లో ఉంటుంది. ఆర్‌ఎక్స్100లో ఎఫ్/1.8 దగ్గర వచ్చే లోతు, ఫిల్ము చట్రంలో సుమారు ఎఫ్/4.9 దగ్గర వచ్చే లోతుతో సమానం. వెనకభాగం మెత్తగా కరిగిపోవాలని ఆశించేవారికి ఇది నిరాశ. అంచనాతో ఫోకస్ పెట్టుకునేవారికి ఇదే వరం, అరమీటరు తేడా వచ్చినా బొమ్మ నిలుస్తుంది.

లోతు పెంచడానికి ఎఫ్/8 దాకా మూయవలసిన పనీ లేదు. చిన్న కన్నం గుండా పోయేటప్పుడు వెలుతురు వంగి పదును పోతుంది, దీన్ని వివర్తనం అంటారు. 1/1.7 అంగుళాల రకంలో ఎఫ్/5.6 దాటకుండా ఉంటే మంచిది.

జూమ్ గురించి ఒక హెచ్చరిక. ఆర్‌ఎక్స్100లో 28 మి.మీ. దగ్గర ఎఫ్/1.8 ఉన్న లెన్సు 100 మి.మీ. చేరేసరికి ఎఫ్/4.9 అవుతుంది. దాదాపు మూడు స్టాపులు, అంటే ఏడెనిమిది రెట్ల వెలుతురు పోయినట్టు. ఎల్‌ఎక్స్3లో 24 నుంచి 60 మి.మీ. దాకా ఎఫ్/2.0 నుంచి ఎఫ్/2.8కే తగ్గుతుంది కాని, దూరం తక్కువ. పైగా దూరంనుంచి జూమ్ చేస్తే మీకూ మనిషికీ మధ్య ఉన్న మంచు కూడా బొమ్మలోకి వస్తుంది. పలకరించి, అనుమతి అడిగి నాలుగడుగులు ముందుకు వేస్తే వెలుతురూ పెరుగుతుంది, ముఖమూ తేటపడుతుంది. కాంపాక్టుకున్న పెద్ద సౌకర్యం ఇదే, అది ఎదుటివారిని బెదరగొట్టదు.

లెన్సు చుట్టూ ఉన్న ఉంగరం

ఎస్90, ఆర్‌ఎక్స్100లలో లెన్సు చుట్టూ తిరిగే ఉంగరం ఉంది. దానికి ఏ పని అప్పజెప్పాలో మీరే నిర్ణయించుకోవచ్చు. కొందరు జూమ్ పెట్టుకుంటారు. ఈ పాఠం చెప్పిన పనికి ఎక్స్‌పోజర్ సవరణ పెట్టుకోవడం మేలు. విధానాల చక్రం మీద సొంత అమరికల స్థానం ఉంటే, మంచుకు కావలసినవన్నీ (అపర్చర్ ప్రాధాన్యం, ఎఫ్/4, ఐఎస్‌ఓ 400, +1, వైట్ బ్యాలెన్స్ ‘ఎండ’) నర్సీపట్నంలో గదిలో కూర్చునే భద్రపరచుకోండి. ఆటో వైట్ బ్యాలెన్స్ తెల్లవారుజాము నీలాన్ని, ఆ తరవాతి బంగారు ఛాయను రెండింటినీ చప్పగా చేస్తుంది.

‘రా’ ఫైలు తీసే వీలుంటే జేపెగ్‌తో పాటు అదీ తీయండి. రంగును తరవాత మార్చుకోవచ్చు, చీకటిలో పోయిన ముఖాన్ని కొంతవరకు పైకి తేవచ్చు. పైకి తెచ్చిన ముఖంలో గరుకు కూడా పైకి వస్తుంది కాబట్టి, సవరణ మీటకు ఇది బదులు కాదు.

తేమ, బ్యాటరీ

మంచులో గంటసేపు ఉన్న కెమెరా చల్లబడుతుంది. ఘాట్ దిగి నర్సీపట్నం చేరేసరికి అక్కడి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. చల్లటి లెన్సు మీద ఆ తేమ నీటి బిందువులుగా పేరుకుంటుంది. కాంపాక్టులో లెన్సు గొట్టం లోపలికీ బయటికీ జరిగేది కాబట్టి ఆ తేమ లోపలికీ చేరుతుంది, అది నిలిచిపోతే బూజు పడుతుంది. కొండమీదనే కెమెరాను ఆపి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. కిందికి వచ్చాక అరగంటో గంటో ఆగి విప్పండి. ఆ లోపు నీరు సంచి మీద పేరుకుంటుంది, కెమెరా మీద కాదు. ఫొటోలు చూడాలనే తొందర ఉంటే కార్డును కొండమీదే తీసి జేబులో వేసుకోండి.

చలిలో లిథియం బ్యాటరీ త్వరగా దిగిపోయినట్టు చూపిస్తుంది. రెండో బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి ఉంచి, మార్చి మార్చి వాడండి.

చేసి చూడండి

ఒక తెల్లని సున్నపు గోడ ముందు మీ ఇంటివారిలో ఒకరిని నీడలో నిలబెట్టండి. చట్రంలో గోడ ఎక్కువ భాగం ఉండాలి. 0, +⅔, +1⅓ సవరణలతో మూడు ఫొటోలు తీసి, ఒక్కోదానికి షట్టర్ వేగం, హిస్టోగ్రామ్ గుట్ట ఉన్న చోటు నోటు పుస్తకంలో రాయండి. తరవాత అదే వ్యక్తిని నల్ల దుప్పటి ముందు నిలబెట్టి 0, -⅔, -1⅓లతో మళ్లీ తీయండి. ఆరింటిలో ఏ రెండింటిలో ముఖం మీకు తెలిసిన ముఖంలా ఉందో గుర్తించి, ఆ అంకెలను కెమెరా సంచిలో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి.