సెలవులకు వెళ్తున్నారా? మరి మీ చేపల మాటేమిటి?



వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. పరీక్షలు కాగానే అవనిగడ్డలో అమ్మమ్మగారింటికో, గుడివాడలో బాబాయిగారింటికో బయలుదేరాలని మీలో చాలామంది ఇప్పటినుంచే రోజులు లెక్కపెడుతూ ఉంటారు. పూలకుండీలకు నీళ్ళు పోయమని పక్కింటివారికి చెప్పి వెళ్ళవచ్చు. కుక్కపిల్ల ఉంటే వెంట తీసుకుపోవచ్చు. కాని గాజుతొట్టిలో ఈదులాడే చేపలను ఏంచేయాలి?

"పాపం, పదిరోజులు ఆకలితో మాడిపోతాయే!" అని జాలిపడి, బయలుదేరే రోజున గుప్పెడు మేత ఒక్కసారిగా తొట్టిలో గుమ్మరించి పోయేవారున్నారు. తిరిగివచ్చేసరికి నీరు పాలలాగా తెల్లబడి, దుర్వాసన కొడుతూ ఉంటుంది. చేపలు వెల్లకిలా తేలి ఉంటాయి. ఆకలికి చచ్చిపోయాయని ఇల్లంతా విచారిస్తారు. నిజానికి అవి చచ్చినది ఆకలికి కాదు, ఆ గుప్పెడు మేతకే!

ఇది ఎలా జరుగుతుందో చూద్దాము. మన శరీరం ఎండలోనూ చలిలోనూ ఒకే వేడిమిని, అంటే సుమారు 37 డిగ్రీలను, నిలుపుకోవాలి. మనం తినే అన్నంలో చాలా భాగం ఈ పనికే ఖర్చయిపోతుంది. చేపకు ఆ బాధ లేదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్ళూ దాదాపు అంతే. పైగా దాని బరువును నీరే మోస్తుంది. అందుచేత బాగా పెరిగి, ఆరోగ్యంగా ఉన్న చేప వారం రోజులు మేత లేకపోయినా దిగులు లేకుండా ఉండగలదు. సంక్రాంతి రోజుల్లో, నీరు చల్లగా ఉన్నప్పుడు, ఇంకా కొన్నాళ్ళు కూడా ఆగుతుంది. చిన్న చిన్న పిల్లచేపలు మాత్రం ఆగలేవు. వాటికి రోజూ మేత ఉండవలసిందే.

ఆకలికి ఆగగల చేప, గాలికి మాత్రం ఆగలేదు. మనం పీల్చే గాలి ఒక లీటరులో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. అదే 30 డిగ్రీల వేడిగల నీరు లీటరు తీసుకుంటే, అందులో కరిగి ఉండగలది ఏడున్నర మిల్లీగ్రాములే! 20 డిగ్రీల నీటిలో అయితే తొమ్మిది ఉంటుంది. అంటే నీరు వేడెక్కినకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకేమో అవసరం పెరుగుతుంది. మన బెజవాడ ఎండలు ఎలాంటివో మీకు వేరే చెప్పనక్కరలేదు కదా! తినగా మిగిలిన మేత కుళ్ళేటప్పుడు, దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ఆ కాస్త ప్రాణవాయువునూ లాగేసుకుంటాయి. అంతటితో పోక, అమ్మోనియా అనే విషం కూడా నీటిలో చేరుతుంది.

ఈ సంగతి మన చేపల రైతులకు బాగా తెలుసు. కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి వైపు బస్సులో పోయినవారు రోడ్డు పక్కన పెద్ద పెద్ద చెరువులు చూసే ఉంటారు. వాటిలో బొచ్చె, శీలావతి చేపలు పెంచుతారు. తవుడూ, చెక్కా చెరువులో వెదజల్లరు. చిల్లులు పెట్టిన సంచులలో నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లులను పొడుచుకుని తింటాయి. మేత అడుగున పడి కుళ్ళడం అలా తగ్గుతుంది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తక్కువగా ఉంటుంది. ఎందుకంటే పగలు ఎండలో దానిని తయారుచేసే నాచు, రాత్రివేళ తానూ పీల్చుకుంటుంది. అందుకే రైతు చీకటితోనే గట్టుమీదికి వెళ్ళి, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వచ్చాయా అని చూస్తాడు. మబ్బు పట్టిన రోజున మేత తగ్గిస్తాడు, లేదా మానేస్తాడు. ఎకరాల చెరువులోనే అంత జాగ్రత్త కావాలంటే, మీ బల్లమీది తొట్టికి ఎంత కావాలో ఆలోచించండి!

1850 ప్రాంతంలో లండనులో రాబర్టు వారింగ్టను అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో బంగారుచేపలను, నీటిమొక్కలను కలిపి పెంచి చూశాడు. మొక్కల ఆకులు రాలి కుళ్ళడంతో నీరు పాడవసాగింది. అప్పుడాయన అందులో నత్తలను వేశాడు. నత్తలు కుళ్ళిన ఆకులను తినివేశాయి, నీరు తేటపడింది. కుళ్ళే చేపకు మొదటి శత్రువని ఆయనకు ఆనాడే తెలిసింది.

మీకు నమ్మకం కలగకపోతే ఒక పని చేయండి. తొట్టి నీరు రెండు గాజుగ్లాసులలో పోయండి. ఒకదానిలో రెండు చిటికెల మేత వేసి, రెండవదానిలో ఏమీ వేయకుండా, మూడు రోజులు ఒక మూల ఉంచండి. నాలుగవనాడు రెంటినీ వాసన చూడండి. (అమ్మగారికి ముందుగా చెప్పండి. లేకపోతే గ్లాసులతోపాటు మీకూ చీవాట్లు తప్పవు!)

ఇక ప్రయాణపు ఏర్పాట్లు. సెలవులకు ముందు రెండు వారాలు కొత్త చేపలను కొనకండి. రోగమేదైనా వెంట వస్తే చూసేవారుండరు. బయలుదేరడానికి రెండు మూడు రోజుల ముందు నీటిలో నాలుగవ వంతు మాత్రం మార్చండి. కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుతారు. మనకు మంచిదే కాని చేపలకు పడదు. కనుక ఆ నీటిని ఒకరోజు వెడల్పు మూతి బకెట్టులో ఉంచి పోయాలి. "ఊరెళ్తున్నాం కదా, శుభ్రంగా ఉండనీ" అని తొట్టి మొత్తం కడగడం, వడపోత స్పాంజిని కుళాయి కింద పిండడం చాలామంది చేసే పని. అది మంచిది కాదు. చేపలు విడిచే అమ్మోనియాను నైట్రైటుగాను, ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలోనే కాపురముంటాయి. స్పాంజిని కడగాలంటే తొట్టిలోనుంచి తీసిన నీటిలోనే మెల్లగా జాడించాలి.

తొట్టిని ఎండపడే కిటికీ దగ్గరనుంచి ముందే చల్లని చోటికి మార్చి, నీటిమట్టం దగ్గర బయట ఒక గీత గీయండి. గాలిపంపు ఆగకూడదు. కరెంటు పోయినా పనిచేసే బ్యాటరీ పంపులు దొరుకుతాయి. నాన్నగారు కొనిపెడితే మంచిదే. తొట్టిలో చేపలు కిక్కిరిసి ఉన్న ఇంట్లో అయితే అది తప్పనిసరి అంటాను. ఫైటర్ చేపకు కొంత వెసులుబాటు ఉన్నది. మన కొర్రమీనులాగానే అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. దాని తొట్టికి మూత వేసినా నీటికీ మూతకూ నడుమ ఖాళీ వదలాలి.

వారం దాటే ప్రయాణమైతే పక్కింటి పిన్నిగారినో అత్తయ్యగారినో అడగండి. మేత డబ్బా మాత్రం ఇవ్వవద్దు! మంచి మనసున్నవారి చేతికి డబ్బా ఇస్తే రోజుకు మూడుసార్లు పెడతారు. రెండు రోజులకొక చిటికెడు చొప్పున చిన్న పొట్లాలు కట్టి, ఒక్కొక్కదానిమీద తేదీ వేసి ఇవ్వండి. ఒకరోజు మరిచిపోతే మరునాడు రెండు పొట్లాలు వేయవద్దని చెప్పండి. నీరు గీతకు దిగువకు పోతే, ఒకరోజు నిలవ ఉంచిన నీటితో గీతవరకు నింపమనండి. చచ్చిన చేప కనిపిస్తే వెంటనే తీసివేయమనండి. బజారులో "సెలవుల మేత" అని బిళ్ళలు అమ్ముతారు. వాటిలో కొన్ని కరిగి నీటిని పాడుచేస్తాయి. మీరు ఇంట్లో ఉండగా పరీక్షించకుండా వాటిని నమ్మకండి.

సెలవులంతా ఊళ్ళోనే గడిపేవారు చేపలను స్నేహితునికి అప్పగించడం మేలు. అంతేకాని బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో వదలకండి. అది దయ అనిపించుకోదు. తొట్టి గోడలు శుభ్రం చేస్తుందని కొనే సక్కరు చేప దక్షిణ అమెరికాది. అలా బయటపడినవి మన ఆంధ్రదేశపు చెరువుల్లో పెరిగి, గట్టి ముళ్ళతో మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. మన చేపల తిండికీ పోటీ వస్తున్నాయి.

తిరిగి వచ్చిన రోజున పెట్టెలు దించగానే మేత డబ్బా అందుకోకండి. ముందు చేపలను లెక్కపెట్టండి. నీటిని వాసన చూడండి. పంపు బుడగలు వస్తున్నాయా చూడండి. నిలవ నీరు సిద్ధం చేసుకుని మరునాడు నాలుగవ వంతు మార్చండి. ఆ సాయంత్రానికి చేపలకు ఒక్క చిటికెడు మేత చాలు.